పాటల పెట్టె మార్పిడి

మన పాఠశాల గ్రంథాలయమునకు రెండు భాగములు కలవు. మొదటిది బీరువాలలోని పుస్తకములు. వానిని అందరును ఎరుగుదురు. రెండవది మూలబల్లపై నుండు కంప్యూటరు. పూర్వము క్యాసెట్లలో నెక్కించిన గానబృందపు పాటలు, వార్షికోత్సవ నాటకములు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుల యుపన్యాసములు, ఆటల పోటీల ఛాయాచిత్రములు, పాఠములకు పనికివచ్చు చలనచిత్రములు దానిలో భద్రపరుపబడి యున్నవి. పిల్లలు దానిని పాటల పెట్టె యని పిలుతురు. శిక్షణ కళాశాలలో భూపటములను చుట్టి దాచుటయు, నల్లబల్లకు రంగు పూయుటయు మాకు నేర్పిరి గాని, ఇట్టి పెట్టెను కాపాడు విధమును ఎవరును నేర్పలేదు. ఈ విద్యాసంవత్సరమున దానిని పాత సాఫ్ట్‌వేరు నుండి క్రొత్త సాఫ్ట్‌వేరునకు మార్చు పని నాకు అప్పగింపబడెను. ఆ పనిలో నాకు తెలిసివచ్చిన సంగతులు విద్యార్థులకును, వారి తలిదండ్రులకును కూడ ఉపయోగపడునని తలచి యిందు వ్రాయుచున్నాను.

కంప్యూటరు తెరపై అప్పుడప్పుడు ఒక చిన్న ప్రకటన కనబడుచుండును. అప్‌డేటు సిద్ధముగ నున్నది, ఇప్పుడు చేయుదురా, తరువాత చేయుదురా యని అది యడుగును. పదిమందిలో తొమ్మండుగురు తరువాత యనియే చెప్పుదురు. ఆ తరువాత యనునది ఎన్నటికిని రాదు. తలుపు బందు త్రుప్పు పట్టును, బండి యిరుసు అరుగును, కావున వానికి మరమ్మతు అవసరమని అందరును ఒప్పుకొందురు. సాఫ్ట్‌వేరు త్రుప్పు పట్టునది గాని అరుగునది గాని కాదు గదా, దానికి మరమ్మతేల యని తొమ్మిదవ తరగతి బాలుడొకడు నన్నడిగెను. అది మంచి ప్రశ్న.

సాఫ్ట్‌వేరు మనుష్యులు వ్రాసిన వ్రాత. అది లక్షలకొలది పంక్తులు గల గ్రంథము. అంత పెద్ద గ్రంథమున అచ్చుతప్పులు లేకుండునా? తప్పు మొదటి దినము నుండియు అందులోనే యుండును. బీరువా వెనుక గోడలోని బీటవలె అది చాలకాలము ఎవరి కంటను బడదు. ఒకనాడు ఎవరో దానిని కనుగొందురు. అప్పుడు తయారుచేసినవారు దానిని పూడ్చు మరమ్మతును వ్రాసి లోకమునకు పంపుదురు. అదియే భద్రతా అప్‌డేటు. విండోస్ చేయు మైక్రోసాఫ్ట్ సంస్థవారు 2003వ సంవత్సరము నుండి ప్రతిమాసము రెండవ మంగళవారమున ఇట్టి మరమ్మతులను విడుదల చేయుచున్నారు.

ఇందొక చిక్కు కలదు. బీట యిచ్చట నున్నది, పూడ్చుకొనుడని చాటింపు వేయునపుడు, ఆ చాటింపును ఇంటివారును విందురు, దొంగలును విందురు. అంతకుముందు ఏ గోడలో బీట యున్నదో తెలియని దొంగకు కూడ ఆనాటితో చోటు తెలియును. కావున మరమ్మతు వెలువడిన దినమే, దానిని చేసికొననివారికి అపాయము హెచ్చిన దినము. తరువాత యను మాటలోని ప్రమాదమంతయు ఇచ్చటనే యున్నది.

దీనికి దృష్టాంతము 2017వ సంవత్సరమున జరిగెను. ఆ సంవత్సరము మార్చి 14వ తేదీన మైక్రోసాఫ్ట్‌వారు విండోస్‌లోని ఒక పెద్ద లోపమునకు మరమ్మతు ప్రకటించిరి. మే 12వ తేదీన, అనగా 59 దినముల పిమ్మట, వన్నాక్రై యను చెడుప్రోగ్రాము ఆ లోపము గుండనే లోకముపై బడెను. అది ప్రవేశించిన ప్రతి కంప్యూటరులోని ఫైళ్లకును తాళము వేసి, తాళము తీయుటకు డబ్బు కోరెను. సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని వాత బడెను. ఇంగ్లాండులో ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపవలసి వచ్చెను. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్నియు అందు చిక్కెను. మార్చి మరమ్మతును చేసికొన్న కంప్యూటర్లకు ఆ లోపము గుండ అది ప్రవేశింపలేకపోయెను. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లని మన పెద్దలు చెప్పుదురు. ఇచ్చట కుక్కలు రెండు నెలల ముందుగనే మొరిగినవి. ఇంటివారే లేవలేదు.

ఈ కథను ఉపాధ్యాయుల సమావేశములో చెప్పినప్పుడు ఒకరు, “ఆసుపత్రి కంప్యూటరు వేరు, పోలీసు కంప్యూటరు వేరు. మనది పాటల పెట్టె. పిల్లల పాటలను ఎవడు దొంగిలించును?” అనిరి. ఆ మాట సహజమైనదే. దానికి సమాధానముగ మరియొక వృత్తాంతము చెప్పవలసి యున్నది. అది పాటల పెట్టెను గూర్చినదే.

అమెరికాలో లాస్ట్‌పాస్ అను సంస్థ కలదు. జనుల పాస్‌వర్డులను గుప్తలిపిలో దాచి కాపాడుటయే దాని వృత్తి. 2022వ సంవత్సరమున దొంగలు దానిపై కన్నువేసిరి. ఆ సంస్థ భాండాగారపు తాళపుచెవులు నలుగురు ఇంజనీర్ల చేతులలో మాత్రమే యుండెను. దొంగలు కార్యాలయపు గోడను త్రవ్వలేదు. ఆ నలుగురిలో ఒకరి యింటి కంప్యూటరును వెదకిరి. ఆ యింట పాటలను, సినిమాలను అమర్చి చూపు ప్లెక్స్ అను సాఫ్ట్‌వేరు ఉండెను. దానిలోని ఒక లోపమునకు 2020 మే నెలలోనే మరమ్మతు వెలువడెను. ఆ కంప్యూటరులో మాత్రము ఆ మరమ్మతు జరుగలేదు. నాటి నుండి సుమారు 75 క్రొత్త కూర్పులు వచ్చినవని ప్లెక్స్‌వారు తరువాత తెలిపిరి. దొంగలు ఆ పాత బీట గుండ దూరి, మీటలపై నొక్కిన ప్రతి యక్షరమును వ్రాసికొను ప్రోగ్రామును అందు దాచి, ఆ యింజనీరు టైపుచేసిన ముఖ్యమైన పాస్‌వర్డును పట్టుకొనిరి. దానితో సంస్థ భాండాగారపు తలుపు తెరువబడెను. దొంగలకు కావలసినది పాటలు కావు. పాటల పెట్టె వారికి కిటికీ మాత్రమే.

మన పాటల పెట్టె యున్న తీగమీదనే ఆఫీసు కంప్యూటరు కూడ కలదు. దానిలో మీ మార్కులు, మీ తలిదండ్రుల ఫోను నంబర్లు, జీతముల పట్టీలు ఉన్నవి. చిన్న పామునైనను పెద్ద కర్రతో కొట్టవలెనను సామెత యిచ్చట సరిగ వర్తించును.

మరమ్మతులు చేయువారుండగా చేసికొననిది ఒక లోపము. చేయువారే లేకపోవుట మరియొకటి. ప్రతి సాఫ్ట్‌వేరునకును ఒక ఆయుర్దాయము కలదు. గూగుల్ సంస్థవారి పికాసా యను ఛాయాచిత్రముల సాఫ్ట్‌వేరు ఎందరికో ప్రియమైనది. 2016వ సంవత్సరమున దానికి సహాయము నిలిపివేయబడెను. విండోస్ 10కి సాధారణమైన మరమ్మతులు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసెను. అట్టి సాఫ్ట్‌వేరు మరునాడు ఆగిపోదు. ఎప్పటివలెనే పాట పాడును, చిత్రము చూపును. కాని ఇకమీదట కనుగొనబడు ప్రతి బీటయు పూడ్వబడక నిలిచియుండును. మన పెట్టెలోని సాఫ్ట్‌వేరు కూడ ఇట్టి స్థితికి వచ్చెను. దానిని చేసినవారు కొన్ని సంవత్సరముల క్రిందటనే ఆ పని మానుకొనిరి.

పాతదానిని పట్టుకొని వ్రేలాడుట ఎంతటి వారికిని కష్టము తెచ్చునని లండనులోని బ్రిటిష్ లైబ్రరీ చరిత్ర చూపుచున్నది. 2023 అక్టోబరులో దొంగలు ఆ గ్రంథాలయపు కంప్యూటర్లలో ప్రవేశించి, సమాచారమును దొంగిలించి, మిగిలినదానిని పాడుచేసిరి. గ్రంథాలయమువారు డబ్బు చెల్లింపలేదు. వారి ప్రధాన గ్రంథసూచి 2024 జనవరి మధ్యవరకును మరల తెరువబడలేదు. అచ్చటి తెలుగు పుస్తకములను వెదకువారు కూడ అంతకాలము వేచియుండవలసి వచ్చెను. తమ పాత సాఫ్ట్‌వేరులలో అనేకమును క్రొత్త యంత్రములపై మరల నిలువబెట్టుటకు వీలు లేకపోయెననియు, అందుచేతనే ఆలస్యమయ్యెననియు వారు 2024 మార్చిలో స్వయముగ ప్రకటించిరి. ఆ ప్రకటన అందరును చదువదగినది.

అయినను మార్పునకు ఎదురుచెప్పినవారి మాటలో సత్యము లేకపోలేదు. భౌతికశాస్త్రము బోధించు మా మిత్రులు, “పనిచేయుచున్న దానిని కదల్పనేల? మరమ్మతే రోగమైన నేమిచేయుదురు?” అని యడిగిరి. 2024 జులై 19వ తేదీన సరిగ అట్లే జరిగెను. క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు అప్‌డేటువలన సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఒక్కసారిగ నిలిచిపోయెను. మన దేశపు విమానాశ్రయములలో ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసులు ఇయ్యవలసి వచ్చెను. కావున మా మిత్రుల మాటను త్రోసివేయక ఒక నియమముగ మార్చుకొంటిమి. ఏ మార్పునకైనను ముందు నకలు తీయవలెను. మొదట ఒక్క కంప్యూటరుపై చేసి చూడవలెను. అది కుదిరిన పిమ్మటనే తక్కినవానిపై చేయవలెను. భయమునకు మందు మానుట కాదు, క్రమముగ చేయుట.

ఇక క్రొత్త పెట్టె సంగతి. మన కంప్యూటరు పాతది. విండోస్ 11 కోరు భద్రతా చిప్పు దానిలో లేదు. క్రొత్త కంప్యూటరు కొనుటకు డబ్బు లేదు. అందుచేత దానిపై ఉచితముగ లభించు లినక్స్‌ను నెలకొల్పి, దానిమీద జెల్లీఫిన్ అను సాఫ్ట్‌వేరును ఉంచితిమి. ఎంబీ యను సాఫ్ట్‌వేరు తన మూలవ్రాతను అందరికిని తెరచియుంచుట మానుకొన్నప్పుడు, దాని పూర్వపు వ్రాతను గైకొని కొందరు స్వచ్ఛందసేవకులు 2018 డిసెంబరులో దీనిని ఆరంభించిరి. దీని మూలవ్రాత ఎవరైనను చదువవచ్చును. ఒక సంస్థ విడిచిపెట్టినను మరియొకరు ఎత్తుకొని సాగింపవచ్చును. దీనికిని లోపములుండును, దీనికిని మరమ్మతులు వచ్చుచుండును. క్రొత్త పెట్టె వచ్చినది గదా యని నిద్రింప వీలులేదు. అందుచేత దానిని బయటి లోకమునకు తెరువక, పాఠశాల ప్రాకారములోపల మాత్రమే వినునట్లు అమర్చితిమి.

ఫైళ్లను ఒక చోటి నుండి మరియొక చోటికి చేర్చుట ఒక దినపు పని. పాటలన్నియు క్షేమముగ వచ్చినవి. తెరచి చూడగా పేర్లు రాలేదు. ఏ పాట ఏ సంవత్సరమున ఎవరు పాడిరో, ఛాయాచిత్రములో ఎడమ నుండి మూడవవారు ఎవరో తెలుపు వివరము లన్నియు పాత సాఫ్ట్‌వేరు తన సొంత ఖాతాపుస్తకములో వ్రాసికొన్నది. ఆ పుస్తకమును అది తప్ప మరి యేదియు చదువలేదు. చాకలివారు ఇంటింటి బట్టలకును నల్లజీడి రసముతో గుర్తు పెట్టుట మన పెద్దలు చూచినదే. గుర్తు బట్టమీదనే యుండును గనుక మూట మారినను, రేవు మారినను బట్ట తన యింటికి చేరును. మన పాటలకు అట్టి గుర్తు లేకపోయెను. పేరు పాటలోపల లేదు, పెట్టె గోడమీద నున్నది.

ఎట్లో శ్రమపడి ఆ ఖాతాను వెలికిదీయగా రెండవ చిక్కు కనబడెను. తెలుగు పేర్లన్నియు అర్థములేని గీతలుగ నుండెను. కారణము చెప్పెదను. ఆ పేర్లు టైపుచేసిన కాలపు తెలుగు ఫాంటు, ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు రూపములను కూర్చుండబెట్టినది. ఆ ఫాంటు లేనిచోట అవి మరల ఇంగ్లీషు అక్షరములై, అర్థరహితము లగును. యూనికోడ్ అను పద్ధతిలో నట్లు కాదు. అందు ప్రతి తెలుగు అక్షరమునకును తన సొంత సంఖ్య కలదు. అ అను అక్షరమునకు 3077, క అను అక్షరమునకు 3093. లోకమున ఏ కంప్యూటరైనను ఆ సంఖ్యను చూచి ఆ యక్షరమునే తలచును. అనగా మన భాషకు అద్దెయిల్లు పోయి సొంతయిల్లు వచ్చినదన్నమాట.

తొమ్మిదవ తరగతి పిల్లలు కొందరు శనివారముల మధ్యాహ్నములు కూర్చుండి ప్రతి పాటను విని, ప్రతి పేరును యూనికోడ్‌లో మరల టైపుచేసి, పాట ఫైలులోపలనే వ్రాసిరి. అదే పట్టికను ఏ కంప్యూటరైనను చదువగల సాదా ఫైలులో నొకసారి, కుట్టిన నోటుపుస్తకములో సిరాతో నొకసారి ఎక్కించిరి. అప్పటికిని పేరులేని పాటలు కొన్ని మిగిలెను. ఖాతాలోనే అవి “బాలికల పాట” యని మాత్రము ఉండెను.

వానిని తీసికొని మేము పూర్వము ఇచ్చట సంగీతము బోధించిన టీచరుగారి యింటికి పోతిమి. ఆమెకు ఎనుబది యేండ్లు దాటినవి. చూపు తగ్గినది. వినికిడి మాత్రము చక్కగ నున్నది. మొదటి పాట ముగియకముందే ఆమె చేయి యెత్తి ఆపుమని, “రెండవ చరణము ఎత్తుకొన్న పిల్ల మన హాస్టలు వంటమనిషి కూతురు. శ్రుతి తప్పెడిది కాదు. తరువాత నర్సు ఆయెను” అని పేరు చెప్పిరి. ఒక్కొక్క గొంతునకును ఒక్కొక్క పేరు, ఒక్కొక్క ఊరు వచ్చుచుండెను. మాతో వచ్చిన బాలికలలో నొకతె వ్రాయుచు వ్రాయుచు కలము నిలిపి, “అమ్మగారూ, ఆ పేరు మరల చెప్పుదురా?” అని యడిగెను. అది ఆమె నాయనమ్మ పేరు. ఆ బాలిక తన నాయనమ్మను ఎన్నడును చూచి యెరుగదు. పాట నెన్నోసార్లు గ్రంథాలయమున విన్నది, ఆ గొంతు ఎవరిదో మాత్రము ఆనాడే తెలిసికొన్నది. టీచరుగారు మరల వేయుమనిరి. ఈసారి ఎవరును మాటలాడలేదు.

ఆ సాయంకాలము నాకు ఒక సంగతి స్పష్టమాయెను. పెట్టెలు ఎప్పుడును మారుచునే యుండును. పెట్టెను కాపాడుట వేరు, పెట్టెలోనిదానిని కాపాడుట వేరు. తాటాకుల కాలమునను ఇట్లే జరిగెను. తాటాకు చెదలకును తేమకును లోనగునది గనుక, పాతది శిథిలము కాకముందే క్రొత్త ఆకుపై వ్రాసికొన్న గ్రంథములే నిలిచినవి. సి.పి. బ్రౌన్ దొరగారు వేమన పద్యముల వ్రాతప్రతులను సమకూర్చి, పోల్చిచూచి, 1829వ సంవత్సరమున అచ్చువేయించిరి. కడపలో తమ బంగళాలో పండితులను జీతమిచ్చి ఉంచి గ్రంథములకు శుద్ధప్రతులు వ్రాయించిరి. ఆ స్థలముననే నేడు వారి పేర గ్రంథాలయము కలదు. ఆకు నుండి కాగితమునకు, కాగితము నుండి అచ్చునకు మార్చినవారు లేకున్న, నేడు మనము చదువుకొను పద్యములలో ఎన్ని మిగిలియుండునో ఆలోచింపుడు. ఆకు నమ్మకమైనది గదా, మార్చనేల యని అందరును కూర్చున్నచో ఆకుతో కూడ పద్యమును పోయెడిది.

మనము చేసికొన్న యేర్పాటును ఇచ్చట క్లుప్తముగ తెలుపుచున్నాను. పాటల పెట్టెలోనిదానికి మూడు ప్రతులుండును. అందొకటి కంప్యూటరులో, ఒకటి విడి హార్డుడిస్కులో. మూడవది మరియొక భవనమున బీరువాలో తీగ తగిలింపక ఉంచబడును. తాళము వేయు చెడుప్రోగ్రాము తగిలింపని డిస్కును చేరలేదు, ఒక గదిలో నిప్పంటుకొన్నను మరియొక భవనములోనిది మిగులును. ప్రతి శనివారము అప్‌డేట్లు చూడబడును. సంవత్సరమున కొకసారి నకళ్లు తెరచి, పాట నిజముగ పాడుచున్నదో లేదో విని చూడబడును. వినిచూడని నకలు నకలు కాదు.

తలిదండ్రులకు రెండు మాటలు విన్నవించుకొందును. మీ చేతిలోని ఫోను కూడ కంప్యూటరే. దానిలో మీ బ్యాంకు ఖాతా యున్నది. అప్‌డేటు వచ్చినదని ఫోను సెట్టింగులు తెలిపినప్పుడు ఆ రాత్రియే ఛార్జింగునకు పెట్టి చేసికొనుడు. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫైలును మాత్రము అప్‌డేటని నమ్మి తెరువకుడు. నిజమైన మరమ్మతు ఫోను సెట్టింగులలోనికి గాని, యాప్‌లు దొరకు స్టోరులోనికి గాని వచ్చును. పెండ్లిపత్రిక యనియు, బ్యాంకు నోటీసు అనియు చెప్పి పంపబడు ఫైళ్లు దొంగ చేతి కన్నపుగోళ్లు. సందేహము కలిగినచో మీ పిల్లల నడుగుడు. వారికి ఈ సంవత్సరము నేర్పితిమి.

విద్యార్థులారా, ఇంకను పేరులేని పాటలు తొమ్మిది మిగిలియున్నవి. వాని జాబితా గ్రంథాలయపు తలుపుమీద అంటింపబడినది. మీ యింట ఈ పాఠశాలలో చదివిన తాతగారు, అమ్మమ్మగారు ఉన్నచో ఒక శనివారము వెంటబెట్టుకొని రండు, లేదా మీ యింటికి మమ్ము పిలువుడు. అటకమీద పాత క్యాసెట్లు, ఫోటోలు ఉన్నచో పారవేయక మాకు చూపుడు. నకలు తీసికొని భద్రముగ తిరిగి యిచ్చెదము. ఫోటో వెనుక పేర్లు వ్రాసియున్న మంచిది, లేకున్న ఆ పెద్దలు చెప్పుచుండగా నేడే వ్రాయుడు. యంత్రమునకు మరమ్మతు పంపువారు ఎక్కడనో కలరు. ఆ పేర్లు చెప్పగలవారు మన యిండ్లలోనే యున్నారు, వారి నడుగుటకు తరువాత యని చెప్పవలదు.